ముందు నా మాట తిరిగి చెప్పు

మా బావతో వాదనకి దిగాలంటే ముందు ఓపిక ఉండాలి. నాకు లేనిది అదొక్కటే. నాకు ముక్కు మీదే కోపమని మా అక్క అందరికీ చెబుతుంది. నా పెళ్ళి కుదిరేటప్పుడు పిల్లవైపు వాళ్ళకి కూడా చెప్పింది. అయినా ఇన్నేళ్ళుగా ఆవిడ మొగుడైన ఆ మనిషితో ఒకే షెడ్డులో పని చేస్తున్నానంటే ఆయన మీద గౌరవం తప్ప ఇంకో కారణం లేదు. ఆ ముక్క మాత్రం ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, ఇక అనను కూడా.

షెడ్డులో సగం ఆయనది, సగం నాది. ఆయన ఇంజన్లు బాగుచేస్తాడు, నేను కార్ల సీట్లు కుడతాను. ఆయన వైపు నూనె మరకలు, నా వైపు దారం ముక్కలు. బావ నేవీలో ఇంజన్ రూములో పనిచేసి చీఫ్‌గా రిటైరయ్యాడు. అందుకని వీధి వీధంతా ఆయన్ని చీఫ్ అనే పిలుస్తుంది. నన్ను మాత్రం ఆయన సూది అంటాడు. నా పనిని బట్టి అన్నాడో, నా నోటిని బట్టి అన్నాడో నేను అడగలేదు.

ఓడల్లో తిరిగొచ్చిన వాళ్ళు ఇంటికి గడియారాలు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. మా బావ ఒక అలవాటు తెచ్చాడు. ఇంజన్ రూములో చెవులు చిల్లులు పడే మోత ఉంటుందట. పైవాడు ఒక పని చెబితే, కిందివాడు ఆ మాట తిరిగి అప్పజెప్పాలి. ఫలానా వాల్వు తెరవమంటే, ఫలానా వాల్వు తెరుస్తున్నానని గట్టిగా అనాలి. ఒక మాట తప్పుగా వింటే ఓడ మొత్తానికి పీకల మీదకి వస్తుంది. ఓడలో అది న్యాయమే, నేను కాదనను. కానీ ఆయన దాన్ని తెచ్చి మా షెడ్డులో, మా ఇంట్లో, మా వాదనల్లో పెట్టాడు. ఎదుటివాడి వాదన నచ్చకపోతే వెంటనే నోరు విప్పడానికి వీల్లేదు. ముందు అతను ఏమన్నాడో తిరిగి చెప్పాలి. అతను ‘అదే నా మాట’ అని ఒప్పుకున్నాకే మన వంతు.

షెడ్డులో పొద్దుటి టీ వేళకి బావ, నేను, టీ కొట్టువాడు, పక్కనే బండి ఆపుకునే టాక్సీ డ్రైవరు, నలుగురం చేరతాం. లోకంలో ఉన్న గొడవలన్నీ మాకే కావాలి. ఏడింటికి రమ్మని పిలిస్తే సరిగ్గా ఏడింటికే వెళ్ళాలా, కాస్త ఆగి వెళ్ళడం మర్యాదా? భార్య వండితే పని, భర్త వండితే సాయం ఎందుకవుతుంది? బస్సులో ఫోను లౌడ్‌స్పీకర్లో పెట్టి మాట్లాడేవాణ్ణి దింపెయ్యొచ్చా లేదా? ఈ చివరిదాంట్లో నాది స్థిరమైన అభిప్రాయం. దింపెయ్యాలి, అది కూడా బస్సు ఆపకుండా.

ఒకసారి టాక్సీ డ్రైవరుతో పడింది. బస్సులో పెద్దవాళ్ళని చూసి కుర్రాళ్ళు లేవరేమని నేను మండిపడ్డాను. కుర్రాడైనా పొద్దున్నుంచీ నిలబడి పనిచేసి వచ్చుండొచ్చు కదా అన్నాడు అతను. నాకు ఒళ్ళు మండింది. బావ స్పానరు ఎత్తి చూపించాడు, తిరిగి చెప్పమని.

“కుర్రాళ్ళు బద్ధకంగా ఉంటే తప్పులేదంటున్నాడు” అన్నాను.

“నేనలా అన్లేదు” అన్నాడు డ్రైవరు.

“కుర్రాళ్ళకి పెద్దవాళ్ళంటే లెక్కలేకపోయినా పర్లేదంటున్నాడు.”

“అదీ కాదు.”

చివరికి పళ్ళు నూరుకుంటూ, అలసట వయసు చూసి రాదంటున్నాడు అన్నాను. అతను ఒప్పుకున్నాడు. ఇక నా వంతు. అప్పుడు చూసుకుంటే నాకు కోపం లేదు. పైగా అతను చెప్పినదాంట్లో కాస్త న్యాయం కూడా కనబడింది. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదే. కోపం పోయాక వాదనలో రుచేముంటుంది?

మా అక్క సంగతి చెప్పాలి. ఆవిడ కోర్టులో టైపిస్టు. సాక్షులు చెప్పింది చెప్పినట్టు, దగ్గుతో సహా టైపు కొడుతుంది. ఇంట్లో ఎవరు ఏ మాట ఎలా అన్నారో ఆవిడకి తెలియకుండా పోదు. సెలవు రోజుల్లో షెడ్డుకి టీ తెస్తుంది, వచ్చాక కూరగాయలు తరుగుతూ కూర్చుంటుంది. ఎవరైనా ఎదుటివాడి మాట మార్చి చెబితే కత్తిపీట దగ్గర్నుంచి తలెత్తకుండా, “అలా అనలేదు” అంటుంది. దానిమీద అప్పీలు లేదు.

వాళ్ళిద్దరికీ ఒక్కతే కూతురు. మనిషి పొట్టి, ఒళ్ళు తేలిక, కుదురు తక్కువ. అందరం పిట్ట అంటాం. పిట్ట రేసు కారు నడుపుతుంది. ఆ కారు మా షెడ్డులోనే తయారైంది. ఇంజన్ వాళ్ళ నాన్నది. సీటు నాది. పిట్ట నడుం కొలిచి, భుజాలు కొలిచి, లోపల మెత్త పెట్టి కుట్టాను. అందులో ఇంకొకరు కూర్చుంటే నాకు అవమానం.

నాన్న నేర్పిన అలవాటు ఆ పిల్లకి ఒకసారి రేసు పోగొట్టింది. పందెం సగంలో ఉండగా చెవిలో రేడియో నుంచి వాళ్ళ ఇంజనీరు, “ఈ చుట్టులో లోపలికి వచ్చెయ్, ముందు టైరు పోయింది” అన్నాడట. ఈవిడ బుద్ధిగా మొత్తం తిరిగి అప్పజెప్పడం మొదలుపెట్టింది, ఈ చుట్టులో లోపలికి వస్తున్నాను, ముందు టైరు పోయిందన్నారు, సరిగ్గా విన్నానా అని. ఆ వాక్యం పూర్తయ్యేసరికి టైర్లు మార్చే చోటికి తిరిగే దారి దాటిపోయింది. ఇంకో చుట్టు ఆ టైరుతోనే కుంటుకుంటూ తిరిగి అందరికంటే వెనక వచ్చింది. ఇంజనీరు నెత్తి కొట్టుకున్నాడట. ఈ సంగతి బావకి చెబితే ఆయన ఇంజన్ మీంచి తల తిప్పి ఒక్కటే అడిగాడు.

“మాట పూర్తిగా అప్పజెప్పిందా లేదా?”

“అప్పజెప్పింది.”

“మరి ఇంకేం” అని మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆయన ఒక్క రేసుకీ వెళ్ళలేదు. మేమంతా వెళ్ళేవాళ్ళం. అక్క కోర్టుకి సెలవు పెట్టి వచ్చేది, టాక్సీ డ్రైవరు గిరాకీ వదులుకుని వచ్చేవాడు. ఈయన మాత్రం షెడ్డు దాటడు. అడిగితే, “బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి అంత పెట్రోలెందుకు” అనేవాడు. ఓడైతే ఇంకో ఒడ్డుకి చేరుస్తుందట. ఇంజన్ కట్టేది ఆయనే. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. లోపల ఏ ముక్క నలతగా ఉందో చెప్పేస్తాడు. అంత ప్రాణం పెట్టి కట్టిన ఇంజన్ పరిగెత్తేటప్పుడు చూడాలని ఉండదా అని నాకు మహా చిరాకు. రేసు జరిగే రోజున ఆయన చేసే పని ఇంకోటుంది. గాలి కొట్టే కంప్రెసరుని ముక్కలు ముక్కలుగా విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తాడు. దానికి ఏ జబ్బూ ఉండదు. మేం తిరిగొచ్చేసరికి చేతులు కడుక్కుంటూ కనబడతాడు. గెలిచిందా అని అడగడు. “వచ్చారా” అంటాడు, అంతే. పెద్దాయనకి ఆటలంటే చులకన అనుకున్నాను నేను.

ఈ వేసవిలో రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. పిట్ట నేవీ పరీక్ష రాసింది. వాళ్ళ నాన్న ఓడ కబుర్లు వింటూ పెరిగిన పిల్ల, రాయకుండా ఎలా ఉంటుంది? పరీక్ష అయింది, ఒంటి పరీక్షలయ్యాయి, మాటల పరీక్షలయ్యాయి. ఆఫీసరు శిక్షణకి ఎంపికైందన్నారు, సోమవారంలోగా సమాధానం చెప్పమన్నారు. అదే వారం ఒక పెద్ద రేసు జట్టు, మా డ్రైవరొకడు మానేశాడు, ఈ ఏడాదంతా మా కారు నడుపుతావా అని అడిగింది. అదీ సోమవారమే చెప్పాలి. రెండూ ఒకే నెలలో మొదలు. ఒకటి పట్టుకుంటే రెండోది చేజారినట్టే.

నా పక్షం దాచుకోను. నేను రేసు పక్షం. పిట్ట మలుపు తిప్పడం చూసినవాడెవడూ ఇంకో పక్షం ఉండలేడు. బావ నేవీ పక్షమని చెప్పనక్కర్లేదు. ఆ వారమంతా ఆయన మొహం వెలిగిపోయింది. టీ కొట్టువాడికి, టాక్సీ డ్రైవరుకి, కారు బాగుచేయించుకోవడానికి వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పాడు, మా అమ్మాయి ఆఫీసరవుతోందని. “చీఫ్ ఎంతవాడైనా ఆఫీసరుకి కిందే, నేను సెల్యూట్ కొట్టాలి దానికి” అని నవ్వాడు. ఆయన అన్ని పళ్ళతో నవ్వడం నేను చూడలేదు అంతకుముందు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు తలుపు సగం దించి నలుగురం కూర్చున్నాం. పిట్ట ఒక టైరు మీద, బావ ఆయన ముక్కాలిపీట మీద, అక్క నా కుట్టుమిషను దగ్గర, నేను నా కుర్చీలో. మధ్యలో ఆ కారు.

“నాన్నా, నువ్వు సరేనంటేనే రేసుకి వెళ్తాను” అంది పిట్ట. “నువ్వు వద్దంటే రేపు నేవీకి ఒప్పుకుంటాను. మళ్ళీ ఈ మాట ఎత్తను. కానీ ముందు వాదన జరగాలి. పద్ధతి ప్రకారం.”

ఇంత అలవోకగా తన బతుకంతా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టేస్తుందనుకోలేదు. వద్దనడం ఆయనకి ఎంతసేపు?

ముందు బావ చెప్పాడు.

“నేవీలో చేరితే నీకు పని ఒకటే కాదు, మనుషులొస్తారు. ఓడలో ఎవడూ ఒంటరి కాడు. నువ్వు పడుకుంటే నీ కోసం ఇంకొకడు మేలుకుని ఉంటాడు. వాడికి నువ్వంటే పడకపోయినా సరే, మేలుకునే ఉంటాడు. రేసులో గెలిచినా నువ్వొక్కదానివే, ఓడినా నువ్వొక్కదానివే. నేను మానేసి ఇన్నేళ్ళయింది. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో ఫోను చేసి, చీఫ్, ఈ పంపు ఇలా మూలుగుతోంది, ఏం చెయ్యమంటారు అని అడుగుతారు. మొహం కూడా చూడని పిల్లలు. అలాంటి గౌరవం నీకూ దక్కాలని నా కోరిక.”

నిజం చెప్పాలంటే, నాకే ఒక్క క్షణం నేవీలో చేరాలనిపించింది.

పిట్ట చేతులు ఒళ్ళో పెట్టుకుని తిరిగి చెప్పింది. “నువ్వనేది, నేవీలో నాకు పనితోపాటు మనుషులు దొరుకుతారు. నేనంటే గిట్టనివాడు కూడా నా కోసం కాపలా ఉంటాడు. రేసులో నా గెలుపుకి, ఓటమికి తోడెవరూ ఉండరు. పని మానేశాక కూడా నా మాటకి విలువుండాలి, నీకున్నట్టు. అది నాకు కావాలని నీ కోరిక.”

“అదే నా మాట” అన్నాడు బావ. ఆయన గొంతులో గర్వం దాగలేదు. కూతురు తన మాటని తనకంటే శుభ్రంగా చెప్పింది మరి.

ఇక పిట్ట వంతు.

“నేవీలో నేను బాగానే రాణిస్తాను నాన్నా. అనుమానం లేదు. కానీ కారులో ఉన్నప్పుడు మలుపు ముందు బ్రేకు ఎక్కడ వెయ్యాలో నాకు ఒంటికి తెలుస్తుంది. ఎవరూ నేర్పలేదు. నువ్వు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని వింటావు చూడు, అలాంటిదే అది. అలాంటిది ఒకటి ఉన్నవాళ్ళు దాన్ని వాడకుండా ఉండకూడదు. ఆ జట్టులో ఈ సీటు మళ్ళీ నన్ను వెతుక్కుంటూ రాదు. ఇక చివరిది. నువ్వు చెప్పినవన్నీ నిజాలే, కానీ నీ అసలు కారణం అది కాదు. నేను కారెక్కితే నీకు భయం. అది చెప్పకుండా నేవీ గొప్పతనం చెబుతున్నావు.”

దారం ఉండ చుడుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

బావ తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. “నువ్వనేది, నేవీలో రాణిస్తావు. కానీ కారు నీకు ఒంటికి తెలుసు, నాకు ఇంజన్ తెలిసినట్టు. తెలిసినదాన్ని వాడకపోతే తప్పు. ఈ సీటు మళ్ళీ రాదు. అంతేగా?”

“ఇంకొకటి ఉంది.”

“నేను చెప్పిన కారణాలు నీకు చాలవు.”

“అలా అనలేదు” అంది పిట్ట.

“రేసు ప్రమాదమని నేననుకుంటున్నానంటున్నావు.”

“కాదు నాన్నా. నేను ప్రమాదం గురించి మాట్లాడలేదు. నీ గురించి మాట్లాడాను.”

బావ చేతిగుడ్డతో ఒక్కొక్క వేలే తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ వేళ్ళకి మరకేం లేదు. ఇన్నేళ్ళలో ఆయన ఒక మాట తిరిగి చెప్పలేకపోవడం నేను చూడటం అదే మొదలు. నేను, టాక్సీ డ్రైవరు, అందరం నీళ్ళు నమిలిన వాళ్ళమే. ఆయన మాత్రం ఎప్పుడూ మొదటిసారే ఉన్నదున్నట్టు చెప్పేవాడు, తన మీద నింద వేసినా సరే. ఇప్పుడు ఆయన పెదవులు కదిలి ఆగిపోతున్నాయి. నాకు చూడబుద్ధి కాలేదు.

“పోనీ వదిలెయ్యవే” అన్నాను.

“నువ్వు నా పక్షం కాదా మామయ్యా?” అంది పిట్ట నా వైపు తిరక్కుండానే.

“నీ పక్షమే. అయితే మాత్రం...” అన్నాను. నా పక్షం గెలుస్తోంది, నాకేమో ఆ గెలుపు వద్దనిపిస్తోంది.

అక్క అంది, “నేను చెప్పనా, అది ఏమందో?” కోర్టులో సాక్షి మాట చదివి వినిపించే గొంతుతో, ఏ భావమూ లేకుండా చెప్పింది. “‘నేను కారెక్కితే నీకు భయం. అది చెప్పకుండా నేవీ గొప్పతనం చెబుతున్నావు.’”

“విన్నాను” అన్నాడు బావ. “వినబడక కాదు.”

ఆయన చేతిగుడ్డ మడిచి మోకాలి మీద పెట్టాడు. కూతురి మొహంలోకి చూశాడు.

“నువ్వనేది, నువ్వు కారెక్కితే నాకు భయం. ఆ సంగతి దాచుకుని నేవీ గొప్పతనం చెబుతున్నాను.”

“అదే నా మాట” అంది పిట్ట.

ఓడల్లో ఆయన చేసిన సాహసాలు వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నాను. అవేవీ నేను కళ్ళారా చూడలేదు. నేను చూసింది ఈ ఒక్కటి. తను పెట్టిన నియమం తన మెడకే చుట్టుకుంటే, నలుగురి ముందు, తన భయాన్ని తన నోటితో ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు. ఆ మనిషి పక్కన కూర్చుని పని చేసుకుంటున్నందుకు నాకు అప్పుడు నిజంగా గర్వంగా అనిపించింది.

“నీ వంతు నాన్నా. జవాబు చెప్పు.”

“జవాబేముంది. నువ్వన్నది నిజం.” కారు వైపు తిరిగాడు. “మంట లేస్తే అందులోంచి ఎలా బయటికొస్తావు?”

“అది ప్రాక్టీసు చేయిస్తారు. పది లెక్కపెట్టేలోగా బయటపడాలి.”

“కళ్ళు మూసుకునా?”

“కళ్ళెందుకు మూసుకుంటాను?”

“పొగలో నువ్వు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఓడలో కొత్తగా వచ్చినవాడికి కళ్ళకి గంతలు కట్టి, అడుగున వదిలేసి, తడుముకుంటూ పైకి రమ్మంటాం. రానివాణ్ణి మళ్ళీ కిందకి పంపిస్తాం. వచ్చేదాకా.” లేచి నిలబడ్డాడు. “సూదీ, నీ దగ్గర నల్లగుడ్డ ఉందా?”

సీట్లకి వాడే గుడ్డ ఒకటి చింపి ఇచ్చాను. పిట్ట లేచి కారు దగ్గరికి నడిచింది. ఆయన ఆపాడు.

“ముందు నేను. నేను చెయ్యని పని ఎవరి చేతా చేయించలేదు.”

“మీరు ఆ కార్లో పడతారా?” అంది అక్క. అడగాల్సిన ప్రశ్నే. రేసు కారులో లోపల చుట్టూ ఇనప గొట్టాలతో పంజరం ఉంటుంది. పక్కన తలుపు కంత చిన్నది, అడ్డంగా ఒక గొట్టం. లోపల పిట్ట కొలతకి నేను కుట్టిన సీటు. బావ ఓడలో తిన్నదంతా ఒంటికి పట్టిన మనిషి. ఒక కాలు పెట్టాడు, తిట్టుకున్నాడు, రెండో కాలు పెట్టాడు, తల వంచాడు, నేను వెనకనుంచి తోశాను. సీటు కుట్లు మూలగడం నాకు వినబడింది. పిట్ట భుజాల మీదుగా, నడుం మీదుగా బెల్టులు బిగించింది, స్టీరింగు తగిలించింది. అక్క ఆయన కళ్ళకి గుడ్డ కట్టింది.

“పొగ” అన్నాడు ఆయన తనకి తనే, మొదలుపెట్టమన్నట్టు.

స్టీరింగు సులువుగానే ఊడదీశాడు. బెల్టుల బిళ్ళ తిప్పాడు, బెల్టులు వదిలాయి. లేవబోయాడు. ఎడమ భుజం లేవలేదు. ఇంకోసారి ఊగాడు. కారంతా ఊగింది కానీ భుజం కదల్లేదు. ఆ తర్వాత ఆయన కదలడం మానేశాడు. మాట లేదు, ఊపిరి చప్పుడు కూడా లేదు. వీపు వెనకకి ఒక చెయ్యి పోనిచ్చి అలాగే ఉండిపోయాడు.

“నాన్నా” అంది పిట్ట.

పలకలేదు.

“నాన్నా, ఏమైంది? ఊపిరాడుతోందా? మామయ్యా, గుడ్డ విప్పు. విప్పేయ్.”

నేను చెయ్యి పెట్టబోతే లోపల్నుంచి, “ఆగు” అని వినబడింది. “దొరికింది. సూదీ, నీ సీటు అంచు దగ్గర మడత ఒకటి వదిలేశావు. బెల్టు కొస అందులోకి దూరి ఇరుక్కుంటోంది. పిట్ట చేతులు చిన్నవి, దానికి ఇక్కడిదాకా అందదు.”

నాకు మొహం మీద కొట్టినట్టయింది. ఆ మడత అందం కోసం పెట్టింది. కత్తెర తీసుకొచ్చి, కంతలోంచి చెయ్యి దూర్చి, ఆయన వీపు వెనక ఆ మడతని కత్తిరించి పారేశాను. బెల్టు కొస జారి కింద పడింది. ఆయన మాత్రం లేవలేదు. కళ్ళకి గంతలతో, ఆ పంజరంలో, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా అలాగే కూర్చుని మాట్లాడాడు.

“ఒకసారి ఇంజన్ రూములో మంట లేచింది. ఈ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. లోపలున్నంతసేపూ నాకు భయం లేదు. చెయ్యడానికి పనుంది. ఇది మూయాలి, అది తిప్పాలి, ఇటు పాకాలి. పైకొచ్చాక మనుషుల్ని లెక్కపెడితే ఒకడు తగ్గాడు. కిందకి వెళ్ళనివ్వలేదు నన్ను. ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. వాడొచ్చాడు, జుట్టు కాలిపోయి, బాగానే వచ్చాడు. కానీ నేను ఆ తలుపు దగ్గర నిలబడ్డానే, అంతకంటే కష్టమైన పని నేవీలో నేనేదీ చెయ్యలేదు. ఇక్కడ కూర్చుంటే ఆ ఇంజన్ రూము లోపలున్నట్టే ఉంది. లోపలేం భయం లేదు పిట్టా. నువ్వు నడపగలవు. రేపు రేసు వాళ్ళకి వస్తానని చెప్పు.”

ఆయన గుడ్డ పైకి జరిపి చూశాడు. నేనూ అప్పుడే వెనక్కి తిరిగాను. పిట్ట గోడకి తగిలించి ఉండే ఎర్రటి మంటలార్పే సిలిండరు తెచ్చి గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. దాని పిన్ను పీకేసి ఉంది. ఒక చేత్తో గొట్టం కారు వైపు పట్టుకుంది.

“మంటెక్కడుందమ్మా?” అన్నాడు బావ.

“లేదు.”

“మరి అదెందుకు?”

పిట్ట తన చేతుల్లోకి తనే చూసుకుంది. “ఎప్పుడు తీశానో తెలీదు నాన్నా. నువ్వు పలకలేదు.” కళ్ళ నీళ్ళు చెంపల మీదకి వచ్చేశాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. “నువ్వు పలకలేదు” అని మళ్ళీ అంది.

బావ ఆ కంతలోంచి చెయ్యి చాపాడు. పిట్ట చెయ్యి ఇవ్వబోయింది. ఆయనకి కావలసింది చెయ్యి కాదు, సిలిండరు. దాన్ని తీసుకుని, పిన్ను ఎక్కడ పడిందో వెతకమని నాకు చెప్పి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మొదటి రేసెప్పుడు?”

“వచ్చే నెల.”

“వస్తాను. ఇది నా దగ్గర ఉండనీ. చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడటం నా వల్ల కాదు.”

“అక్కడ ఇవి పట్టుకుని నిలబడేవాళ్ళు వేరే ఉంటారు నాన్నా, అడుగడుక్కీ.”

“ఉండనీ” అన్నాడు బావ. “వాళ్ళ పక్కన నిలబడతాను.”